యురేనియం, అరటిగెల: ఒక విమర్శ

వేంపల్లె పేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో కూడ కలదు. కడప జిల్లాలోని అతి ప్రాచీనమైన డోలమైటు రాతిపొరల శ్రేణికి ఈ ఊరి పేరే పెట్టినారు. తుమ్మలపల్లె యురేనియం ఖనిజము దొరకునది ఆ పొరలలోనే. 2012లో అచ్చట గనియు, ఖనిజమును శుద్ధిచేయు మిల్లును పని ప్రారంభించినవి. 2018, 2019 సంవత్సరములలో, మిల్లు వ్యర్థములు నిలువచేయు చెరువునకు చేరువనున్న కె.కె. కొట్టాల రైతులు బోరునీరు చెడినదనియు, అరటితోటలు ఎండుచున్నవనియు మొరపెట్టుకొన్నారు.

అప్పటినుండి తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటి: "అరటిపండులోనికి యురేనియం ఎక్కినదా?" ఎక్కినదని కొందరు, ఎక్కలేదు గనుక అంతయు క్షేమమని కొందరు. ఈ రెండు జవాబులలోను మొక్క కనబడదు. ప్రశ్నయే సరిగా వేయబడలేదు.

వేరు విషమును గుర్తించి తోసివేయు కాపలాదారు కాదు. తనకు కావలసిన పోషకములకై అది తెరచియుంచిన ద్వారములనుండియే, వాటిని పోలిన విషములును దూరును. ఫాస్ఫేటు ద్వారమున ఆర్సెనేటు, జింకు, ఇనుముల ద్వారములలో కాడ్మియము వచ్చును. లోనికి వచ్చిన కాడ్మియమును మొక్క గంధకముగల చిన్న పెప్టైడులతో బంధించి కణములోని రిక్తికలో దాచును. ఫైటోకెలాటినులను ఈ పెప్టైడులను 1985లో జర్మనీ శాస్త్రజ్ఞులు వర్ణించినారు.

యురేనియం దారి వేరు. అది వేరుకణముల గోడలలోని ఫాస్ఫేటు, కార్బాక్సిలు సమూహములకు అంటుకొని చాలవరకు అచ్చటనే నిలిచిపోవును. వేరులో ఎక్కువ, కాండమున తక్కువ, పండులోను గింజలోను అత్యల్పము. ఇది సాధారణముగా కానవచ్చు వరుస. కనుక పండును మాత్రము పరీక్షించి పొలమునకు యోగ్యతాపత్రము వ్రాయుట, వాకిలి చూచి ఇంటిలో దొంగ లేడని చెప్పుట వంటిది.

నేల స్వభావమును కూడ మరువరాదు. పి.హెచ్. 5కు దగ్గరనున్న ఆమ్లనేలలో యురేనియం మొక్కకు సులభముగా అందును. సున్నము గల క్షారనేలలో అది కార్బొనేటులతో కూడి నీటిలో కరిగి ప్రయాణము చేయును. మొక్కకు అంతగా చిక్కదు. అనగా వేంపల్లె ప్రాంతమున భయపడవలసినది గెలను చూచి కాదు, బిందెను చూచి. త్రాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దెబ్బతినునది ముఖ్యముగా మూత్రపిండములు.

అయితే అదే శిలలో యురేనియముతోపాటు మాలిబ్డినము కలదు. దాని నడక పూర్తిగా విపరీతము: క్షారనేలలోనే అది సల్ఫేటు ద్వారమున మొక్కలోనికి సులువుగా ఎక్కును. ఇది ఆంధ్రులకు క్రొత్త పాఠము కాదు. నల్లగొండ ఫ్లోరోసిస్ ప్రాంతపు జొన్నలలో మాలిబ్డినము అధికమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1970 దశకములో చూపినారు. అట్టి జొన్న తిన్నవారి మూత్రమున రాగి ఎక్కువగా పోవుటయు కనుగొన్నారు. మేతలో ఇది మించినచో పశువులకు రాగి కొరత, పారుడు కలుగును. పండును గూర్చి ఇంత చర్చ జరిగినది గాని, పశువులు మేయు గడ్డిని గూర్చి అడిగినవారు అరుదు!

ఇక ఎండిన ఆకుల మాట. మిల్లులో ఖనిజమును కరిగించునవి సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులు. సోడియము హెచ్చిన నీరు నేలను గట్టిపరచును. అరటి ఉప్పును ఓర్వని పంట, దాని ఆకు అంచులనుండి మాడును. తోట ఎండుటకు యురేనియమే కారణమని తేల్చుటకు ముందు సోడియమును కొలువవలెను. యురేనియం తక్కువగా ఉన్నదని చెప్పినంతమాత్రమున రైతు ఫిర్యాదు అబద్ధము కాజాలదు.

పొద్దుతిరుగుడు పూలు నాటిన నేల శుద్ధియగునని చెప్పుటయు ఇట్టి తొందరపాటే. 1990 దశకములో అమెరికాలోని ఆష్టబ్యులా వద్ద ఆ మొక్కలు యురేనియమును తీసినది నీటినుండి, పట్టినది వేరులు. ఆ వేరులను మరల వ్యర్థముగా భద్రపరుపవలసినదే. 1998లో నేలపై సిట్రిక్ ఆమ్లము పోసి ఆవజాతి మొక్కల ఆకులలోనికి యురేనియమును విస్తారముగా రప్పించినారు. సున్నపునేలలో ఆ ఆమ్లము సున్నమునకే ఖర్చగును. మిగిలినచో యురేనియమును బావిలోనికి దింపవచ్చును.

పాఠశాల ప్రయోగశాలలో యురేనియమును కొలువలేరు. బోరునీటి పి.హెచ్., విద్యుద్వాహకత మాత్రము నెలనెలా కొలిచి, చెరువునకు దగ్గరి బోర్లను, దూరపు బోర్లను పోల్చి వ్రాసియుంచవచ్చును. పెద్ద ప్రయోగశాలకు పంపునపుడు పండుతోపాటు వేరు, దుంప, ఆకు, వేరు క్రింది మన్ను, పశువుల మేత కూడ పంపవలెను.