వాతావరణ శాఖ రెండు ఖాతాలు: ఒక పరిశీలన

బాన్సువాడ ప్రాంతమున వరికోతలు జరుగు దినములలో రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: రేపు వాన వచ్చునా, రాదా? కల్లములో ఆరబోసిన వడ్లు తడిసినచో తేమ శాతము పెరిగి, కొనుగోలు కేంద్రములో తూకము ఆగిపోవును. ఇందుకు సమాధానము కొరకు నేడు చాలమంది సెల్‌ఫోను చూచుచున్నారు. అందు భారత వాతావరణ శాఖ పేరిట ఒకటి కాదు, రెండు ఖాతాలు కనిపించును. ఒకదానిలో తెలంగాణకు నారింజ రంగు, రెండవదానిలో అదే దినమున కామారెడ్డి జిల్లాకు పసుపు రంగు ఉండవచ్చును. చూచినవారు "శాఖవారికే తెలియదు, మనకేమి చెప్పుదురు?" అని తేల్చివేయుదురు. ఈ తీర్పు న్యాయమైనదేనా?

1875లో స్థాపింపబడిన ఈ శాఖకు ప్రధాన కార్యాలయము ఢిల్లీలోని మౌసమ్ భవన్. శాఖ పూర్తి పేరుతో నడుచు ఖాతా అక్కడిది. పేరు చివర 'మెట్ సెంటర్ హైదరాబాదు' అని సూచించు ఖాతా బేగంపేటలోని వాతావరణ కేంద్రమునది. రెండును అధికారికములే, ఒకటి అసలు, మరియొకటి నకిలీ అనుకొనరాదు. భేదమంతయు చూపులో ఉన్నది. ఢిల్లీ ఖాతా దేశమును 36 వాతావరణ ఉపవిభాగములుగా చూచును. తెలంగాణ అంతయు అందు ఒక్క ఉపవిభాగము. హైదరాబాదు ఖాతా అదే భూభాగమును 33 జిల్లాలుగా చూచును. ఆదిలాబాదు వైపు మాత్రమే భారీ వర్షమునకు అవకాశమున్నను, మొదటి పటములో రాష్ట్రమంతటికిని ఒకే రంగు పడును. కావున రంగులు వేరగుట పరస్పర విరోధము కాదు.

రంగుల కంటె మాటలు మరింత చిక్కు పెట్టును. శాఖవారి పరిభాషలో 'భారీ వర్షము' అనగా 24 గంటలలో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్లు, 115.6 నుండి 204.4 వరకు 'అతి భారీ'. ఆపైన 'అత్యంత భారీ'. 'ఒకటి రెండు చోట్ల' అనగా ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రములలో 25 శాతము లేక అంతకు తక్కువ. నూరు కేంద్రములున్న చోట 75 కేంద్రములలో భారీ వర్షము పడకున్నను ఆ సూచన తప్పినట్లు కాదు. 24 గంటల లెక్కయు అర్ధరాత్రితో మొదలుకాదు, ఉదయము 8.30 నుండి మరునాటి ఉదయము 8.30 వరకు.

ఇంతవరకు తప్పు పాఠకునిదే అనిపించును. కాని శాఖవారి వ్రాతలలోను లోపము లేకపోలేదు. రెండు ఖాతాల పేర్లలోను శాఖ పేరే ముందు కనబడును. ఏ ప్రాంతమునకు ఏది చూడవలెనో కొత్తవానికి తోచదు. 'ఒకటి రెండు చోట్ల' అను మాటకు గల లెక్కను సూచన ప్రక్కనే వివరించినచో సగము అపార్థము తొలగును. పైగా ఈ పటములు వాట్సాప్‌లో చేతులు మారునప్పుడు ఖాతా పేరు, తేదీ తెగిపోవుటయు కలదు. నిన్నటి పటము నేటిదై, ఒక జిల్లా పటము వేరొక జిల్లాది అగును. ఏ ప్రాంతము, ఏ గంట నుండి ఏ గంట వరకు అనునవి వాక్యములోనే ఇమిడియున్నచో ఈ ప్రమాదము తగ్గును. హైదరాబాదు కేంద్రము తెలుగులో కూడ నివేదికలు ఇచ్చుట మెచ్చుకొనదగినది.

అట్లయిన బాన్సువాడవారు ఢిల్లీ ఖాతాను విడిచి, హైదరాబాదు ఖాతాను మాత్రమే చూచిన చాలునా? చాలదు. 1931లో పూర్తియైన నిజాంసాగరునకు దిగువన, మంజీర నదీ ప్రాంతమున ఈ పట్టణమున్నది. మంజీర పుట్టుక మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో. అది లాతూరు, బీదరు ప్రాంతములను దాటి తెలంగాణలో ప్రవేశించును. ఆ ప్రాంతములు మరాట్వాడా, ఉత్తర అంతర కర్ణాటక ఉపవిభాగములలోనివి. హైదరాబాదు కేంద్రపు జిల్లా పటములో అవి ఉండవు. ఢిల్లీ ఖాతాలో ఉండును. ఇచట ఎండ కాయుచున్నను ఎగువ వానలకు నది పొంగవచ్చును. కావున వడ్లపై టార్పాలిన్ కప్పవలెనా అను ప్రశ్నకు హైదరాబాదు ఖాతాయు, అందులోను మూడు గంటల తక్షణ సూచనయు సరియైనవి. మంజీరకు వరద వచ్చునా అను ప్రశ్నకు ఢిల్లీ ఖాతాను కూడ చూడవలెను.

ఈ వివేచన లేనిచో నష్టము రెండు విధములు. పడని వానకు భయపడుట ఒకటి. రెండు మూడు సార్లు అట్లు భయపడి, నిజముగా వచ్చు వానను నమ్మకుండుట రెండవది. రెండవదే ప్రాణాపాయము. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కుంభవృష్టి కురిసి రైలు, రోడ్డు మార్గములు దెబ్బతిన్నవి. రాష్ట్రమంతటను వాన అట్లు కురియలేదు. 'ఒకటి రెండు చోట్ల' అను చిన్న మాటలో ఎంత పెద్ద వాన దాగియుండగలదో ఆ రెండు దినములు తెలిపినవి.

ఉన్నత పాఠశాలలలో దీనిని సులభముగా బోధింపవచ్చును. విద్యార్థులు వానకాలములో ఒక నెలపాటు రెండు ఖాతాల సూచనలను ప్రక్క ప్రక్క వ్రాసి, బడి ఆవరణలోని వర్షమాపకములో ప్రతి ఉదయము 8.30కు కొలిచిన వానతో పోల్చవలెను. ఏ సూచన ఏ ప్రశ్నకు సమాధానమో నెల ముగియులోపల వారికే తెలియును.