మచ్చ బొల్లారం పొడవెంత?

మా ఊరి పేరులో సున్నా ఎగిరిపోయింది. ఎగరగొట్టింది నేనే.

వెబ్ పేజీలో చిరునామా చూపించే చిన్న గడి ఒకటి ఉంది. 12 అక్షరాలు దాటితే కత్తిరించమని టెంప్లేటులో రాశాను. మా మచ్చ బొల్లారానికి ఢోకా ఉండదనుకున్నాను. తీరా చూస్తే పేజీలో 'మచ్చ బొల్లార' అని ఉంది! ఇంగ్లిషులో మా ఊరి స్పెల్లింగు బోర్డుకో తీరుగా ఉంటుంది, దానికి అలవాటు పడ్డాం. తెలుగులోనూ పేరు పాడైతే ఎవరికి చెప్పుకోవాలి?

రెండో తరగతి చదివే మా అమ్మాయిని అడిగాను. వేళ్లు మడుస్తూ మ, చ్చ, బొ, ల్లా, రం అని లెక్కపెట్టి, "ఐదే కదా నాన్నా" అంది. కంప్యూటరు మాత్రం 13 అంటుంది. దాని లెక్కలో చ్చ అంటే చ, పొల్లు, మళ్లీ చ. బొ అంటే బ, పక్కన ఒత్వం. యూనికోడ్‌లో ఒత్తుకు విడిగా స్థానం లేదు, పొల్లుతో ముడివేసి రాయాల్సిందే. అలా 12 గుర్తులు, మధ్యలో ఖాళీ ఒకటి. పదమూడోది పాపం ఆ సున్నా.

ఈ లెక్క చెప్పేది టెంప్లేటుల్లోని 'లెంగ్త్'. జాబితాలకైతే అది నిజమే చెబుతుంది. ఒకప్పుడు జేఎస్పీ (జావా వెబ్ పేజీల) టెంప్లేటుల్లో జావా కోడు రాయకుండా జాబితా సైజు అడగడానికి నేరుగా దారి ఉండేది కాదు. 2003లో జేఎస్‌టీఎల్ అనే ట్యాగుల లైబ్రరీ 1.1 వెర్షన్‌తో లెంగ్త్ ఫంక్షన్ వచ్చాక ఊపిరి పీల్చుకున్నాం. అసలేమీ ఇవ్వకపోయినా అలగదు, సున్నా అంటుంది. చిక్కల్లా అదే ఫంక్షన్ జాబితానూ మాటనూ కూడా కొలవడం. జాబితా రావాల్సిన చోట 'రాము' అన్న ఒక్క మాట వస్తే, 4 ఫలితాలు దొరికాయని నిబ్బరంగా ప్రకటిస్తుంది.

పద్యం రాసేవాళ్లు ఈ తప్పు చేయరు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఒత్తు తన ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుందే తప్ప తాను లెక్కలోకి రాదు. కందానికైతే మాత్రల లెక్క. దేన్ని లెక్కపెడుతున్నామన్నది వాళ్లు ముందే తేల్చుకుంటారు. నేను తేల్చుకోలేదు.

కంటికి కనిపించనివి కూడా లెక్కలో ఉంటాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసిన 'జ్ఞా' గుర్తుందా? చూడ్డానికి ఒక్క అక్షరం. లోపల అయిదు గుర్తులు, అందులో ఒకటి కనిపించదు. యాపిల్ కొత్త వెర్షన్ పంపితే గానీ గొడవ సద్దుమణగలేదు. ఇక ఒత్తుల అక్షరాన్ని ముక్కలు చేయకుండా ఒకటిగా పట్టే నియమం యూనికోడ్‌లోకి 15.1 వెర్షన్‌తో, అంటే 2023లో, వచ్చింది. బాగా ఆలస్యమే.

నేను టెంప్లేటులోని ఆ 12 హద్దును తీసేశాను. గడిలో పట్టకపోతే ఎక్కడ ఆపాలో బ్రౌజరే వెడల్పు చూసి తేల్చుకుంటుంది. వెడల్పు సంగతి లెంగ్త్‌కేం తెలుసు?

తెలుగు పేర్ల కోసం ఫారాలు తయారుచేసేవారికి ఒక్క విన్నపం. 'రాము' అని కొట్టి, పనిచేసిందని వదిలేయకండి. 'జ్యోత్స్న' అని కూడా కొట్టి చూడండి. రెండూ రెండక్షరాల పేర్లే. యంత్రానికి మాత్రం మొదటిది 4, రెండోది 9.