పెళ్ళి కాని రాణి: పదిహేనవ లూయీ పునర్వివాహం గురించి ఒక ఊహ, దాని పరిమితులు

1768 జూన్ 24న ఫ్రాన్సు రాణి మరీ లెష్చిన్‌స్కా మరణించింది. ఆమె భర్త పదిహేనవ లూయీకి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. మిగిలి ఉన్న ఒక్క కుమారుడు 1765లోనే పోయాడు. సింహాసనానికి వారసుడు ఇంకా పద్నాలుగేళ్ళు నిండని మనవడు. రాజు మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడా అన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. అప్పుడు వినిపించిన వధువుల పేర్లలో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా కూతురు మరియా ఎలిజబెత్ పేరు ఒకటి. ఆ పెళ్ళి జరగలేదు.

జరిగి ఉంటే ఏమయ్యేదన్న ఊహకు సాధారణంగా దొరికే జవాబు ఇలా ఉంటుంది. 1756 నాటి ఫ్రాన్సు-ఆస్ట్రియా మైత్రి మరింత గట్టిపడేది. రాణి ఉన్న కొలువులో మదామ్ దు బారీకి చోటుండేది కాదు. ఆస్ట్రియా పక్షపాతి అయిన మంత్రి షువాజల్ పదవిలో నిలిచేవాడు. ఆపైన, ఊహించేవారి ధైర్యాన్నిబట్టి, విప్లవమే తప్పిపోయేది. ఈ అల్లికలో ఏ పోగు నిలుస్తుందో, ఏది లాగితే తెగుతుందో చూడవలసి ఉంది.

ప్రత్యామ్నాయ చరిత్రకు నియ్యల్ ఫెర్గూసన్ 1997లో ఒక షరతు పెట్టాడు. నాటివారు నిజంగా ఆలోచించిన, ఆ ఆలోచనకు లిఖిత సాక్ష్యం మిగిలిన ప్రత్యామ్నాయాలనే పరిశీలించాలన్నది ఆ షరతు. మన పెళ్ళి ఈ గడప దాటుతుంది. అయితే ఈ షరతు ఒక్కటే చాలదు. 1931లో జె. సి. స్క్వైర్ సంపాదకత్వంలో వెలువడిన సంకలనంలో, స్కాట్లండు రాణి మేరీని ఆస్ట్రియా డాన్ జాన్ పెళ్ళాడి ఉంటే ఏమయ్యేదో చెస్టర్‌టన్ ఊహించాడు. ఆ సంబంధం కూడా ఆనాడు కొందరి మనసుల్లో మెదిలినదే. అయినా ఆ వ్యాసం చదువుతుంటే పదహారో శతాబ్దం కంటే, ఐరోపా మతవిభజన మరోలా సాగి ఉండాలన్న చెస్టర్‌టన్ కోరికే ఎక్కువగా కనిపిస్తుంది. ఊహ ఎటు వాలుతోందో చూస్తే, ఊహించినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది.

ముందు వారసత్వం. ఎలిజబెత్‌కు కొడుకు పుట్టినా, బేరీ, ప్రోవాన్స్, ఆర్త్వా అనే ముగ్గురు మనవళ్ళ తరువాతనే అతని వంతు. వయసులో చిన్నవాడైన ఆ బాబాయి సింహాసనం ఎక్కే అవకాశం చాలా తక్కువ. 1770లో బేరీని పెళ్ళాడి మరీ ఆంత్వానెత్ ఎలాగూ వచ్చేదనుకుంటే, కాపురానికొచ్చిన ఆ పద్నాలుగేళ్ళ పిల్లకు సొంత అక్కే భర్త వైపున నానమ్మ వరస అయ్యేది. మన పెళ్ళిళ్ళలో వరసలు కలపడానికి కూర్చునే పెద్దలైనా ఇక్కడ కాస్త తడబడతారు.

దు బారీ సంగతి ఇంకా బలహీనం. రాణి ఉంటే ప్రియురాలు ఉండదనడానికి ఆ కొలువు చరిత్రే అడ్డం. మరీ లెష్చిన్‌స్కా బతికుండగానే కదా మదామ్ ద పాంపదూర్ దాదాపు ఇరవై ఏళ్ళు వెర్సాయ్‌లో వెలిగింది! షువాజల్ 1770 డిసెంబరులో పదవి పోగొట్టుకోవడానికి దు బారీ వర్గం వైరం ఒక కారణమే. కానీ ఫాక్లండ్ దీవుల తగాదాలో స్పెయిన్ పక్షాన ఇంగ్లండుతో యుద్ధానికి రాజు సిద్ధంగా లేకపోవడం దానికి తీసిపోని కారణం. అంతకు ముందటి సప్తవర్ష సంగ్రామంలో ఫ్రాన్సు చాలా పోగొట్టుకుంది. ఆ సంగ్రామపు ఒక అంచు 1758 డిసెంబరులో మన చందుర్తి దాకా, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట దాకా వచ్చింది. అంతటి ఓటమి తరువాత మరో యుద్ధానికి జంకిన రాజును కొత్త రాణి మార్చగలిగేదా?

మైత్రి మాటకొస్తే, ఊహ అక్కరలేదు. చరిత్రే ఆ ప్రయోగం చేసి చూపింది. 1810లో ఫ్రాన్సు ఏలిక ఒకడు నిజంగానే హాబ్స్‌బర్గు కన్యను రెండో పెళ్ళి చేసుకున్నాడు. జోసెఫీన్‌ను వదిలిన నెపోలియన్ పెళ్ళాడిన మరీ లూయీజ్, ఎలిజబెత్ తమ్ముడు లియోపోల్డ్‌కు మనవరాలు. 1811 మార్చిలో కొడుకు పుట్టాడు. 1813 ఆగస్టులో ఆస్ట్రియా చక్రవర్తి సొంత అల్లుడి మీద యుద్ధం ప్రకటించాడు. పెళ్ళి మైత్రికి గుర్తుగా పనికొస్తుంది గాని, దాన్ని మోసే దూలం కాలేదు.

ఇక మిగిలింది పెళ్ళికూతురు. నా అభిప్రాయంలో ఈ ఊహలో పట్టించుకోవలసిన అసలు భాగం ఇదే, సాధారణంగా ఒక్క వాక్యంలో తేల్చేసేదీ ఇదే. అక్కచెల్లెళ్ళలో అందగత్తెగా పేరుబడ్డ ఎలిజబెత్‌కు 1767లో, ఇరవైనాలుగో ఏట మశూచి సోకింది. ఆమె బతికింది కాని ముఖమంతా మచ్చలు పడ్డాయి. అదే ఏడాది వియన్నా రాజభవనంలో ఆమె చెల్లెలు జోసెఫా, వదినె, ఇద్దరూ ఆ జబ్బుతోనే చనిపోయారు. తల్లి చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. అమ్మవారు పోసిందని మన ఊళ్ళలో భయంతో చెప్పుకున్న ఆ రోగం, ఐరోపా రాజకుటుంబాల్లో సంబంధాలు కలిపే మంత్రుల పని కూడా చేసింది.

కాబట్టి “ఆమెకు మశూచి రాకుంటే” అని మొదలుపెట్టడం, దొరబండిని ఆపిన ద్రువే దారిలో ఒక బండి ఇరుక్కుని ఉంటే అని బెల్లాక్ అదే సంకలనంలో మొదలుపెట్టినట్టు, అదృష్టం మీద ఆధారపడటమే. ఇక్కడ అంతకంటే గట్టి కీలు ఉంది. మశూచి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించే పద్ధతి ఇంగ్లండులో 1721 నుంచే తెలుసు. బెంగాల్లో ఆ పని ఎలా చేస్తారో వివరిస్తూ హాల్వెల్ లండన్‌లో పుస్తకం ప్రచురించింది సరిగ్గా 1767లోనే. వియన్నాలో మాత్రం ద హాన్ వంటి పెద్ద వైద్యులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఇంట్లో ఇన్ని చావులు చూశాక మరియా థెరీసా మనసు మార్చుకుని ఇంగెన్‌హౌజ్‌ను పిలిపించి, చిన్న కొడుకులకు ఆ రసి ఎక్కించింది. అది 1768. ఆ నిర్ణయం రెండేళ్ళు ముందు జరిగి ఉంటే అన్నది అదృష్టం గురించిన ప్రశ్న కాదు, నాటివారు వాదించుకున్న ఒక ఎంపిక గురించిన ప్రశ్న.

ఆ ఎంపిక జరిగి, ఆమె వెర్సాయ్ చేరి ఉంటే, పదిహేనవ లూయీ అదే మశూచితో చనిపోయిన 1774 మే నాటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. 1643 తరువాత ఫ్రాన్సు చూసిన మొదటి విధవ రాణి అయ్యేది. ఆస్ట్రియా ఆడది అన్న తిట్టు చెల్లెలి కంటే ముందే ఆమె మీద పడేది. జరిగిన చరిత్రలో ఆమె తల్లి పోయిన తరువాత ఇన్స్‌బ్రుక్‌లో, తల్లి స్థాపించిన కులీన స్త్రీల మఠానికి అధిపతిగా ఉండిపోయింది. ఆమె పెద్దదైన గొంతువాపును, పదునైన నాలుకను ఊరివారు కథలుగా చెప్పుకునేవారు. 1793 అక్టోబరులో పారిస్‌లో చెల్లెలి తల తెగినప్పుడు ఆమె అక్కడే, టిరోల్ కొండల మధ్య ఉంది. 1808 సెప్టెంబరులో, అరవై ఐదో ఏట, లింజ్ నగరంలో చనిపోయింది.