ప్రసూతివైరాగ్యము: ఒక పదవిమర్శ

శ్మశానవైరాగ్యము, పురాణవైరాగ్యము, ప్రసూతివైరాగ్యము అను మూడింటిని నిలుకడలేని విరక్తికి దృష్టాంతములుగా మన పెద్దలు చెప్పుదురు. చితిముందు నిలిచినవానికిని, పురాణము వినినవానికిని గలిగిన విరక్తి యిల్లు చేరులోపల తొలగుట యెల్లరెఱిగినదే. ఆ రెండును చెప్పినవారి స్వానుభవములు. మూడవది యట్లు గాదు. పురిటిగది గడప దాటనివారు లోపలి సంగతిని తీర్మానించి, తల్లి నొప్పిని మఱచును, మఱచుటచేతనే మరల గర్భము దాల్చును అని హేతువును గూడ చేర్చిరి.

ఈ హేతువు నిలువదు. వానలేక పంట పోయిన కాపు మఱుసటి యేడు విత్తనము చల్లును. అతడు కఱవును మఱచెనని యెవ్వరు నందురు? పైగా రెండవ కానుపు కావలెనా వలదా యని మన యిండ్లలో తల్లి నడిగిన దినము లెన్ని? అడుగబడని యామె మౌనమును మఱపుగా గ్రహించుట సాక్షిని విచారింపకయే తీర్పు వ్రాయుట వంటిది.

సాక్షులను విచారించినవారు లేకపోలేదు. స్వీడను దేశమున వాల్డెన్‌స్ట్రోమ్ అను విదుషియు, నామె సహచరియు 2009లో ప్రకటించిన పరిశోధనమున, ఒకే తల్లులను కానుపైన 2 నెలలకు, ఏడాదికి, 5 ఏండ్లకు ప్రశ్నించిరి. అయిదేండ్లనాటికి సుమారు సగముమంది నొప్పిని మునుపటికంటె తక్కువగా చెప్పిరి. మూడవవంతునకు మించినవారు మార్పు లేదనిరి. నూటికి 16 మంది యెక్కువగానే చెప్పిరి. ఇందలి కీలకము వేఱొకటి కలదు. కానుపు మంచిగా జరిగినదని తలచినవారికి నొప్పి జ్ఞాపకము సన్నగిల్లెను. చెడుగా జరిగినదని తలచినవారికి సన్నగిల్లలేదు. కావున మన సామెత సగము తల్లులకు వర్తించును. తక్కిన సగమును గుఱించి యది యసత్యము.

అమెరికాలో పెన్నీ సిమ్‌కిన్ 1991, 1992 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములు చిన్నవియే యైనను విలువగలవి. ఆమె 20 మంది స్త్రీలు తొలికానుపు పిమ్మట వెంటనే వ్రాసికొనిన వృత్తాంతములను, 15 మొదలు 20 ఏండ్లకు పిదప వారు చెప్పిన వృత్తాంతములతో పోల్చి చూచెను. కొన్ని పొరపాట్లున్నను మొత్తముమీద రెండును సరిపోయినవి. వైద్యులును, పరిచారికలును అన్న మాటలు, చేసిన చేతలు మిక్కిలి స్పష్టముగ నిలిచియుండెను. ఆసుపత్రి చిట్టాలతో పోల్చిన యితర పరిశీలనములలో, బిడ్డ తూకమును తల్లులు దశాబ్దముల పిమ్మటను బాగుగనే చెప్పుచున్నారు. మింగిన మందులు, చిన్న చిన్న యుపద్రవములు మాత్రము జాఱిపోవుచున్నవి. ఇరువది మందియే కదా యని యాక్షేపింపవచ్చును. న్యాయమే. కాని సామెతను పుట్టించినవా రెందఱిని లెక్కించిరి?

ఇక మన వాఙ్మయమునకు వత్తము. వాల్మీకి బాలకాండమున రామజననమును చైత్రనవమితో, పునర్వసు నక్షత్రముతో, కర్కాటకలగ్నముతో, ఉచ్చస్థములైన యయిదు గ్రహములతో చెప్పెను. అది జాతకము వ్రాయువాని జ్ఞాపకము. వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువడిన యాంగ్లవ్యాసమున మన బ్రాహ్మణస్త్రీల రామాయణపు పాటలను పరిశీలించి, కౌసల్య ప్రసవఘట్టమును చూపిరి. అందు గ్రహములకు బదులు నొప్పులును, మంత్రసానియు, ఇంటికప్పునుండి వ్రేలాడదీసిన త్రాళ్లును గలవు. వానిని పట్టుకొని నిలిచి కౌసల్య ప్రసవించును. త్రాళ్ల సంగతి యింటిలోని పురుషునకు తెలియుట కవకాశము తక్కువ. రఘువంశమున దిలీపుడు సైతము భార్య కోరికలను చెలికత్తెల నడిగియే తెలిసికొనవలసి వచ్చెను.

అట్లని యీ పాటను ఒక తల్లి వాఙ్మూలముగా స్వీకరించుట పొరపాటు. పాట పదిమంది నోట నడచినది. ఒక్కొక్కతె తన పురుడును కొంత చేర్చి, కొంత విడిచియుండును. దానినిబట్టి ఫలానా కాలమున ఫలానా యింట త్రాళ్లు కట్టుచుండిరని నిర్ణయింపరాదు. అయినను, నొప్పిని మఱచుటయే తల్లులకు సహజమైనచో, పెండ్లికాని పిల్లలును వినుచుండగా పాడు పాటలో ఆ నొప్పికి అంత చోటు దక్కుట యెట్లు? ఈ ప్రశ్నకు సామెతను సమర్థించువారు సమాధానము చెప్పవలసియున్నది.

పాటలు సేకరించు మిత్రుల కొక మనవి. వృద్ధస్త్రీలను నొప్పి యెంత యని యడిగినచో దొరకు నుత్తరము దుర్బలము. తేదీ యడిగినచో దివిసీమ యుప్పెనకు ముందనియో వెనుకననియో చెప్పుదురు. 1977 నవంబరును తెలిసినవారికి అది చాలినంత యాధారమే, కాని ఏ బిడ్డ కానుపో మరల మరల అడిగి రూఢిపఱచుకొనవలెను. ఆ గదిలో ఎవరుండిరి, ఎవరేమనిరి అని యడుగుడు. ఆ యుత్తరమును పాట ప్రక్కనే, చెప్పినామె మాటలలోనే వ్రాసికొనుడు. మన సేకరణములలో పాటలకు ప్రక్కన ఇట్టి పుట యొక్కటియు నాకంటబడలేదు.