బ్యాంకు మేడ పైకప్పు

పాత మేడలో నడిచే బ్యాంకుకి వెళ్ళానంటే టోకెన్ తీసుకుని ముందు తలెత్తి చూస్తాను. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు అలాంటి మేడలు ఇంకా కొన్ని మిగిలాయి. పైన బారుగా టేకు దూలాలు. వాటి మధ్య సన్నటి ఇటుకలు గోడకి సూటిగా కాక ఐమూలగా సాగుతాయి, ఈతచాప అల్లినట్టు. ఎన్నిసార్లు వెల్ల వేసినా ఆ అల్లిక కనబడుతూనే ఉంటుంది.

ఈ కప్పుని మద్రాసు టెర్రస్ అంటారు. ఇందులో ఇనుప ఊచ ఉండదు. కట్టేటప్పుడు కింద సెంట్రింగూ ఉండదు. దూలాలు అడుగున్నరకి ఒకటి చొప్పున వేశాక మేస్త్రీ గది మూల నుంచి మొదలుపెడతాడు. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న ఇటుకకి గానుగ సున్నం పట్టించి, అంచు మీద నిలబెట్టి, పక్క ఇటుకకి అదిమి పట్టుకుంటాడు. సున్నంలో తేమని ఇటుక పీల్చుకోగానే పట్టు దొరుకుతుంది, చెయ్యి తీసేయొచ్చు. ఐమూలగా పోవడంలో కిటుకు ఇదే. మూలన రెండు గోడల ఆసరాతో చిన్న వరస పడుతుంది, తర్వాతి వరస దాన్ని ఆనుకుంటుంది, ఆపై వరస దీన్ని. గాలిలో గోడ కట్టుకుంటూ పోతున్నట్టే.

దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి మూడు నాలుగంగుళాల మందాన పోస్తారు. అసలు కష్టం అక్కడ. ఆడకూలీలు బారుగా కూర్చుని, కరక్కాయా బెల్లమూ నానేసిన నీళ్ళు చల్లుకుంటూ, చెక్కలతో రోజుల తరబడి కొడతారు. మొదట్లో చెక్క మెత్తగా దిగబడుతుంది. కొట్టగా కొట్టగా లోపలి గాలి పోయి పొర బిగుసుకుంటుంది. దెబ్బకి చెక్క వెనక్కి తన్నేదాకా ఆపరు. ఆ పైన చదును పెంకులు పరిచి, వాన నీళ్ళు తూముకి దిగేలా వాలు ఇస్తారు. మేడ కట్టించినవాడి పేరు ముందుగోడ మీద సున్నపు అక్షరాల్లో ఉంటుంది. కొట్టినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఆ లోటు నన్ను గుచ్చుతుంది.

తెనాలి, రేపల్లె చుట్టూ నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఆ కదలికకి సిమెంటు పగులుతుంది. సున్నం కాస్త సర్దుకుంటుంది, సన్నటి పగుళ్ళని తడి తగిలినప్పుడు తనే పూడ్చుకుంటుంది. రేపల్లె, బాపట్లకి సముద్రపు ఉప్పుగాలి కూడా ఉంది. స్లాబులో ఊచ తుప్పు పట్టి ఉబ్బితే పెచ్చులు రాలతాయి. టెర్రస్‌లో ఊచే లేదాయె. దీని భయం వేరు: గోడలో దూరిన దూలం కొస. అక్కడ చెమ్మ చేరిందా, చెదలు వస్తాయి.

చిన్న ఊళ్ళో బ్యాంకుకి సొంత భవనం తక్కువ. ఎవరిదో మేడ అద్దెకి తీసుకోవడమే రివాజు. లోపలి సామాన్ల గది స్ట్రాంగ్ రూమ్ అవుతుంది. ఉక్కు తలుపు, మేనేజరు దగ్గరో తాళం, క్యాషియరు దగ్గరో తాళం. ఇంటివాళ్ళు అలాగే ఉంటారు, వీధి వైపు బోర్డు మారుతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకులో 1964లో భారతలక్ష్మి బ్యాంకు కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు ప్రభుత్వానిదైంది. 2020 ఏప్రిల్ 1న, 1919లో బొంబాయిలో పుట్టిన యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తెనాలి కేంద్రంగా నడిచిన చైతన్య గ్రామీణ బ్యాంకు 2006లో గోదావరి గ్రామీణ బ్యాంకుతో కలిసి చైతన్య గోదావరి అయింది. 2025 మే 1న అదీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో చేరింది. పసుపు అమ్మిన డబ్బు దాచుకునే రైతు పాస్ పుస్తకం మీద పేరు ఎన్ని చేతులు మారిందో!

కప్పు కారితే ఇప్పుడు పైన సిమెంటు పూసేస్తున్నారు. పూత కింద చిక్కిన చెమ్మ పైకి ఆరలేక దూలంలోకి దిగుతుంది. కారిన చోట తవ్వి మళ్ళీ సున్నంతోనే పూడ్చాలి. ఆ చోటు ఎలా పట్టుకోవాలో ఓ ముసలి మేస్త్రీ నాకు చూపించాడు. కింద బ్యాంకు నడుస్తుండగా మేడెక్కి, కర్రతో అడుగడుక్కీ తడుతూ వెళ్ళాడు. డొల్లగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాడు. మేడంతా తిరిగేసరికి పడినవి మూడే గీతలు. మిగతా అంతా ఖంగున మోగింది.