కంతిలో ఏనుగు

చెట్టు మానుకి దెబ్బ తగిలినచోటో, పురుగో బూజో పట్టినచోటో, ఒక్కోసారి ఏ కారణమూ కనపడని చోటో, నిద్రపోతున్న మొగ్గలు గుంపుగా కదులుతాయి. కొమ్మలుగా బయటికి రాలేక లోలోపలే ముడులు పడితే కంతి పుడుతుంది. మామూలు కొయ్యలో నిలువుగా సాగే నార ఇక్కడ సుడులు తిరుగుతుంది. గొడ్డలి దిగినా చీలదు. అందుకే కట్టెలు కొట్టేవాళ్లు దాన్ని తిట్టి పక్కన పడేస్తారు. గురువు లేని చెక్కడపు పనివాడికి సరుకు ఆ కుప్పలోనే దొరుకుతుంది, లేదా రోడ్డు వెడల్పు కోసం పెళ్లగించిన మోడులో.

వేరుతో పేచీ వేరు. మట్టిలో పెరిగేటప్పుడు అది గులకరాళ్లను కావలించుకుని కొయ్యలో కలిపేసుకుంటుంది. కడిగి, ఇనప బ్రష్షుతో తోమి, సందుసందునా మేకుతో పొడిచి చూసినా ఒక రాయి మిగిలే ఉంటుంది. ఉలి దానికి తగిలి టక్కుమంటే ఆ పూట పని సానరాయి మీదే.

పచ్చి కంతిని తొందరపడి చెక్కితే పగులుతుంది. కోసిన ముఖానికి మైనం పూసి నీడన పెట్టాలి. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు పలకలకు చెప్పే లెక్క ఇక్కడ నమ్మరానిది. సుడి తిరిగిన నార ఎటు కుదించుకుపోతుందో చెప్పడం కష్టం.

కొండపల్లికి తెల్ల పొణికి, ఏటికొప్పాకకి అంకుడు, ఒక పనికి ఒక కర్ర అన్న మాట కంతి దగ్గర చెల్లదు. కొండపల్లిలో తండ్రి చేసిన బొమ్మే కొడుక్కి నమూనా. కంతికి నమూనా పనికిరాదు, అలాంటిది రెండోది దొరకదు గనక. సొంతంగా నేర్చుకున్నవాళ్లు ఈ పనిలోకి రావడానికి ప్రతిభ కంటే ఇదే కారణం కావచ్చు.

ఇలాంటి బొమ్మల పక్కన ‘ప్రకృతే చెక్కింది’ అన్న అట్టముక్క పెట్టడం ఆనవాయితీ. చిరాకు పుట్టించే మాట. మేకు, సాన, ఉప్పుకాగితం, నెలల తరబడి కాపలా, అన్నీ ప్రకృతి ఖాతాలో రాస్తే కూలి ఎవరికి? అయితే అవనీంద్రనాథ్ ఠాగూర్ (1871–1951) చివరి దశలో చేసిన ‘కాటుమ్ కుటుమ్’ బొమ్మల ముందు ఈ చిరాకు నిలవదు. బెంగాల్ చిత్రకళా రీతికి ఆద్యుడైన ఆయన ఎండుకొమ్మలూ వేళ్లూ చెక్కపేళ్లూ ఏరి, కాస్త కోసి, కాస్త అతికి నిలబెట్టేవాడు, అంతే. అన్నేళ్లు గీసిన చెయ్యి గనక ఎక్కడ ఆగాలో తెలుసు. గురువు లేని చేతికి తెలియనిది అదే. తొండంలా వంగిన వేరు దొరికితే దంతాలు, గాజు కళ్లు, చివరికి అంబారీ కూడా. వార్నిష్ కొట్టేసరికి వేరు మాయమై నాసిరకం ఏనుగు మిగులుతుంది. ఆ అట్టముక్క ఉండాల్సింది చెక్కేవాడి బల్ల మీద.

బతికున్న చెట్టు కంతి కోస్తే ఆ గాయంలోంచి చీడ దిగుతుంది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లలో కొత్త చెట్టు మొదలు దగ్గరి కంతి నుంచి కూడా మొలుస్తుంది. దొంగలు వాటిని రంపాలతో కోసుకుపోతుంటే 2014లో అక్కడి పార్కులో ఒక రోడ్డును రాత్రిళ్లు మూసేశారు. పడిపోయిన చెట్టుదైతే ఈ తంటా లేదు.

చివరి పని, బరువు ఎటు పడుతుందో చూసి అడుగు చదును చేయడం. అది కుదరక గోడకి ఆనించి అమ్మేవాళ్లున్నారు. పైన నూనె, తేనెమైనం రుద్దుతారు. మొదటి ఎండాకాలంలో పగులు తేలితే అదే కొయ్య పొట్టును జిగురుతో కలిపి పూడుస్తారు, లేదా అలాగే వదిలేస్తారు.