సగం బతికున్న ఇంజిన్

2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చినప్పటి నుంచి వరంగల్‌లో మామునూరు ఎయిర్‌పోర్టు మాట వినబడని రోజు లేదు. నిజాం కట్టించిన ఆ రన్‌వే 1981 తర్వాత మూలనపడింది. అక్కడికి పెద్ద విమానాలతో పాటు ఒక ఫ్లయింగ్ స్కూల్ కూడా రావాలని నా కోరిక. వస్తే, పిల్లలకు ఇంజిన్ సగం ఆగినప్పుడు ఏం చేయాలో ముందు నేర్పాలి.

నేను నేర్చుకునే రోజుల్లో మా ఇన్‌స్ట్రక్టర్ సార్ ఇంజిన్ ఆగిపోయినట్టు ఉన్నట్టుండి థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగేసి, "ఏ పొలం?" అనేవారు. వెంటనే ముక్కు దించాలి. సెస్నా 172 అయితే వేగం దాదాపు 65 నాట్ల దగ్గర నిలబెట్టి చోటు వెతకాలి. వెయ్యి అడుగుల ఎత్తుంటే, గాలి లేనప్పుడు, మూడు కిలోమీటర్ల లోపే ఆ చోటు దొరకాలి. మన దగ్గర అది తేలిక కాదు. పైనుంచి ముచ్చటగా కనిపించే నాటేసిన మడిలో చక్రం దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. కోసిన వరి పొలం మేలు, అయితే గట్టు వెంబడే దిగాలి. వీటన్నిటికంటే నాకు కరెంటు తీగలంటేనే భయం. బోరు మోటారు ఉన్న ప్రతిచోటా తీగ ఉంటుంది. అది కంటికి ఆనదు, స్తంభాల వరుసను చూసి పోల్చుకోవాల్సిందే.

ఆగిపోయిన ఇంజిన్ మీద ఎవరూ ఆశ పెట్టుకోరు. దగ్గుతూ తిరిగేదే మోసం చేస్తుంది. టేకాఫ్ తర్వాత ఇంజిన్ పూర్తిగా ఆగడం కన్నా శక్తి కొంత తగ్గడం మూడు రెట్లు ఎక్కువని ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ తేల్చింది. 2000-2010 మధ్య అక్కడ ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానాల్లో టేకాఫ్ తర్వాత ఇంజిన్ పూర్తిగా ఆగిన ఘటనల్లో ఎవరూ చనిపోలేదు. శక్తి తగ్గిన ఘటనల్లో తొమ్మిది ప్రాణాంతకమయ్యాయి. కొంత శక్తి ఉంది కదా అని పైలట్లు ఎలాగోలా రన్‌వే అందుకుందామని తక్కువ ఎత్తులో, తగ్గిన వేగంతో గట్టిగా వెనక్కి తిప్పుతారు. రెక్క స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని మోయలేకపోతుంది. కోలుకోవడానికి కింద ఎత్తుండదు.

వానాకాలంలో కార్బురేటర్ ఇంజిన్‌కు ఇంకో గండం. బయట ఇరవై అయిదు డిగ్రీలున్నా, గాలిలో చెమ్మ ఉంటే లోపల మంచు కడుతుంది, ఎందుకంటే పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది. కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ మీటను పూర్తిగా లాగగానే అది ఇంకాస్త పడి, ఇంజిన్ కుదుపుతుంది. కరిగిన నీళ్లు ఇంజిన్‌లోకి పోతున్నాయన్నమాట. కొత్తవాళ్లు బెదిరి అక్కడే హీట్ మూసేస్తారు. మూయకూడదు. కాసేపు ఓర్చుకుంటే శక్తి తిరిగి వస్తుంది.

అందుకే, సురక్షితమైన ఎత్తులో, సార్లు అప్పుడప్పుడు థ్రాటిల్‌ను సగమే లాగి ఊరుకోవాలి. ఈ శక్తితో ఎత్తు నిలుస్తుందా లేదా అని శిష్యుణ్ణి అడగాలి. నిలవదంటే, మిగిలిన ఆ శక్తిని మంచి పొలం చేరడానికి వాడమనాలి. అది కూడా ఎప్పుడు పోతుందో తెలియదు కనుక, ఒక పొలం ఎప్పుడూ అందుబాటులోనే ఉండాలి.